ఐసు పెట్టెలో ఛార్జరు

మా చర్చిలో పాటలు పాడే ఒకమ్మాయికి ఛార్జర్లు తయారుచేసే కంపెనీలో టెస్టింగు ఉద్యోగం వచ్చింది. ప్రార్థన అయిపోయాక చెప్పులు వేసుకుంటున్న నన్ను ఆపి, "ఆంటీ, చేరేలోపు ఏమన్నా చదువుకోమంటారా?" అని అడిగింది. చదవాల్సినవన్నీ కాలేజీలో చదివేసింది. చదువులో లేనివి చెబుదామంటే, చెప్పుల స్టాండు దగ్గర నిలబడి చెప్పేవి కావు. అందులో సగం నా తప్పులు. పైగా మా పాస్టరు గారు వెనకే నిలబడి ఉన్నారు.

అందుకని రాస్తున్నాను. నా పేరు మేరీ సులోచన. నెల్లూరులోనే పుట్టాను, నెల్లూరులోనే రిటైరయ్యాను. మొదట స్టెబిలైజర్ల కంపెనీలో కాయిళ్ళు పరీక్ష చేశాను, తర్వాత టీవీ అడాప్టర్లు, చివరి పన్నెండేళ్ళు ఫోన్లకూ లాప్‌టాప్‌లకూ పెట్టే ఛార్జర్లు. ఊరికి దక్షిణంగా, కంపెనీ బస్సులో గంట ప్రయాణం. ఉద్యోగం పేరు కార్డు మీద చాలా పొడుగ్గా ఉండేది. మా అమ్మ మాత్రం చుట్టాలకు "మా సులోచన వస్తువులకు జొరం చూస్తాది" అని చెప్పేది. ఆ కార్డు కంటే ఆమె మాటే నిజం.

ఆరు వాట్లు

ముందు ఈ ఒక్క లెక్క తెలుసుకోండి, మిగతాదంతా దీన్నుంచే వస్తుంది.

అరవై అయిదు వాట్ల ఛార్జరు లాప్‌టాప్‌కు అరవై అయిదు వాట్లు ఇవ్వాలంటే గోడలోంచి డెబ్భై ఒకటికి పైనే లాక్కుంటుంది. మధ్యలో పోయిన ఆ ఆరు చిల్లర వాట్లు వేడిగా మారి డబ్బాలోనే కూర్చుంటాయి. ఆరు వాట్లంటే ఎంత అని తీసిపారేయకండి. క్రిస్మస్ స్టారులో పెట్టే చిన్న బల్బును సబ్బు పెట్టెలో వెలిగించి మూత పెట్టామనుకోండి. ఆ పెట్టెను ఎంతసేపు పట్టుకోగలరు?

లాగినదాంట్లో లాప్‌టాప్‌కు చేరే వంతును పనితనం అంటారు. అది తొంభై ఒక శాతం నుంచి తొంభై మూడుకు పెరిగిందని చెబితే పై అధికారులు "రెండు శాతమేనా?" అంటారు. వాళ్ళు చూడాల్సింది ఆ వైపు కాదు. వృథా అయ్యేది తొమ్మిది నుంచి ఏడుకు దిగింది. ఆరున్నర వాట్ల వేడి అయిదుకు వచ్చింది. దాదాపు నాలుగో వంతు వేడి మాయమైంది. నా ఉద్యోగ జీవితంలో నేను ఎక్కువసార్లు చెప్పిన వాక్యం ఇదే, అందరూ తల ఊపి మరిచిపోయిన వాక్యం కూడా ఇదే.

ఇప్పుడు గాలియం నైట్రైడ్ స్విచ్చులు వచ్చాయి. ఛార్జరు లోపల ఒక స్విచ్చు సెకనుకు లక్షలసార్లు పడుతూ ఆగుతూ ఉంటుంది. పాత సిలికాన్ స్విచ్చును అంత వేగంగా ఆడిస్తే ప్రతిసారీ కాస్త వేడెక్కుతుంది. కొత్తది అంత వేడెక్కదు. వేగం పెరిగితే లోపలి ట్రాన్స్‌ఫార్మరు చిన్నదవుతుంది, డబ్బా కూడా చిన్నదవుతుంది. ఇంతవరకూ అందరికీ సంతోషమే. కానీ వేడి బయటికి పోయేది డబ్బా గోడల్లోంచి. డబ్బా చిన్నదైతే గోడలూ చిన్నవవుతాయి. ఫ్యాను లేదు, చిల్లులు లేవు. ఈ మాట ఎవరికీ నచ్చదు. దీన్ని చెప్పడానికే మనకు జీతం ఇస్తారు.

రామ్మోహన్ గారి చెంప

మా విభాగం పెద్ద రామ్మోహన్ గారు. కోవూరు మనిషి. తెలివైనవాడు, గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. ఆయనకు నా మీటర్ల మీద నమ్మకం ఉండేది కాదు. ఏ ఛార్జరు తెచ్చినా తీసి చెంపకు ఆనించుకునేవారు. కళ్ళు మూసుకుని, పసిబిడ్డకు జ్వరం చూసే తల్లిలా కాసేపు నిలబడి, "ఫరవాలేదు" అనో "ఎక్కువుండాది" అనో తేల్చేవారు. నేను నాలుగు గంటలు కష్టపడి తీసిన అంకెల కాగితం ఆయన చేతిలో విసనకర్ర.

ఒకరోజు గంటసేపు పూర్తి లోడు మీద నడిచిన ముక్కను (పరీక్షకొచ్చిన ఛార్జరును మేం ముక్క అనే అంటాం) నా బల్ల మీంచి తీసుకుని, అలవాటుగా చెంపకు పెట్టుకున్నారు. ఆరోజు తిప్పి పట్టుకున్నారు. వైరు దూర్చే లోహపు మూతి చెంపకు తగిలింది. అబ్బా అని అరిచి ఛార్జరును వదిలేశారు. అది చెత్తబుట్టలో పడింది.

చెంప మీద చిన్న కోలగా, మందు బిళ్ళ ఆకారంలో ఎర్రటి ముద్ర పడింది. వారం రోజులు అది అలాగే ఉంది. ఆ వారంలో ఆయన ఒక పెళ్ళికి కూడా వెళ్ళొచ్చారు. అక్కడ ఏం జవాబు చెప్పారో మేం అడగలేదు.

"ప్లాస్టిక్కు కాలలేదు గదా, ఇదెందుకు కాలె?" అని నన్నే కోపంగా అడిగారు.

"రెండిటి వేడీ ఒకటే సార్. లోహం ఆ వేడిని చర్మంలోకి గబగబా తోస్తుంది, ప్లాస్టిక్కు మెల్లగా తోస్తుంది. మన చెంప చెప్పేది ఎంత వేడి ఉందని కాదు, ఎంత వేగంగా లోపలికి వస్తోందని."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు గదమ్మా!"

ముందే చెప్పాను. మూడేళ్ళుగా చెబుతున్నాను. కానీ కాలిన మనిషితో వాదించకూడదు. కాలిన మనిషి త్వరగా నేర్చుకుంటాడు, అంతే చాలు. ఆ తర్వాత ఆయన ఛార్జర్లను మోచేతికి ఆనించుకోవడం మొదలుపెట్టారు. దాన్ని నేను అభివృద్ధిగానే లెక్కేశాను.

కాజా

నేను రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, వేరే కంపెనీవాడు చాలా చిన్న ఛార్జరు తెచ్చాడు. దాన్ని చూసినప్పటి నుంచీ రామ్మోహన్ గారికి మనశ్శాంతి లేదు. ఒక సోమవారం మీటింగులో మలై కాజాల పొట్లం విప్పి, ఒకదాన్ని కాగితం మీద పెట్టి, "అరవై అయిదు వాట్లు. ఈ సైజు" అన్నారు.

డిజైను చేసేవాడు ఫిరోజ్. ముప్పై ఏళ్ళుంటాయి. మాట తక్కువ, పని ఎక్కువ. నన్ను అక్కా అంటాడు. పాపం అతను లేచి, కొలత పరికరం తెచ్చి, కాజా పొడవూ వెడల్పూ మందమూ కొలిచి నోట్సులో రాసుకున్నాడు. పరికరానికి అంటిన పాకం తుడవడానికి అరగంట పట్టింది.

"అన్నా, దీంట్లో ట్రాన్స్‌ఫార్మరు పడతాది. కెపాసిటర్లూ పడతాయి. వేడి పట్టదు," అన్నాడు.

"వేడిని నేను లోపల పెట్టమన్నానా? బయటికి పంపు."

మధ్యాహ్నానికి ఆ కాజా కనబడలేదు. కొలతల కోసం మళ్ళీ చూద్దామని వచ్చిన ఫిరోజ్‌కు ఖాళీ కాగితం మాత్రం దొరికింది. నేరం ఒప్పుకుంటున్నాను, సగం నేను తిన్నాను. మిగతా సగం ఎవరు తిన్నారో నాకు తెలుసు కానీ ఆయన ఇంకా ఉద్యోగంలో ఉన్నారు. మర్నాడు రామ్మోహన్ గారు ఇంకో కాజా తెచ్చారు. వేరే అంగడిది, నాలుగు మిల్లీమీటర్లు పెద్దది. ఫిరోజ్ దాన్ని రెండుసార్లు కొలిచి, ఎవరికీ చెప్పకుండా పాత అంకెలు కొట్టేసి కొత్తవి రాసుకున్నాడు. అతని ముఖంలో అంత ఆనందం నేను అతని పెళ్ళిలో కూడా చూడలేదు.

మూడు నెలల్లో ముక్క తయారైంది. చూడముచ్చటగా ఉంది. దానికి జ్వరం చూడటం నా వంతు.

నా బల్ల మీది గాలి

ఇక్కడి నుంచి నా తప్పు.

ఆ సంవత్సరం నాకు యాభై నాలుగు నిండాయి. ఆ వయసు ఆడవాళ్ళకు తెలుసు, ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి. పొయ్యి మీద కూర్చోబెట్టినట్టు మెడ నుంచి పైకి మంట, ముఖమంతా చెమట, రెండు నిమిషాల్లో మళ్ళీ ఏమీ ఉండదు. మా ల్యాబులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఎవరికి చెప్పుకోను? ఏసీ బాగుచేసే అతను వచ్చినప్పుడు బతిమాలి, పైకప్పులో గాలి వచ్చే రెక్కలను నా బల్ల వైపు తిప్పించుకున్నాను. అట్టముక్క ఒకటి కట్టి గాలి పక్కకు పోకుండా చేయించుకున్నాను. స్వర్గంలా ఉండేది.

ఛార్జరు వేడిని కొలిచేటప్పుడు గాలి తగలకూడదు. అందుకే మాకొక ప్లైవుడ్ పెట్టె ఉంది. ముక్కను అందులో పెట్టి, గాలి ఆడకుండా మూసి, సన్నటి వైర్లతో వేడి చూడాలి. ఆ వారం ఆ పెట్టెలో వేరే మోడలు రోజుల తరబడి నడుస్తోంది. రామ్మోహన్ గారు గంటకోసారి వచ్చి "అయిందా?" అంటున్నారు. రెండు రోజులు ఆగితే పెట్టె ఖాళీ అయ్యేది. నేను ఆగలేదు. ముక్కను నా బల్ల మీదే పెట్టి నడిపాను. వచ్చిన అంకెకు, ఎండాకాలంలో బయట ల్యాబు కంటే అంత ఎక్కువ ఉంటుంది కాబట్టి పదిహేను డిగ్రీలు కలిపాను. హద్దులోపలే ఉంది. పాస్ అని రాసి సంతకం పెట్టాను.

నేను నా ఒంటికి ఏర్పాటు చేసుకున్న గాలి, రోజంతా ఆ ఛార్జరుకు కూడా తగిలింది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. అంత అనుభవం ఉన్నదాన్ని. అనుభవం ఉండబట్టే తట్టలేదేమో. కొత్తగా చేరినవాళ్ళయితే భయపడి పెట్టె కోసం ఆగేవాళ్ళు.

అమ్మకానికి పెట్టేముందు యాభై ముక్కలను తెలిసినవాళ్ళకు వాడి చూడమని ఇచ్చాం. అందులో ఒకటి, మా అసెంబ్లీ లైనులో పనిచేసే అమ్మాయి ద్వారా ఆమె స్నేహితురాలు హైమకు చేరింది. ఊరు తోటపల్లి గూడూరు దగ్గర. వేసవి మొదలైన వారానికి హైమ గొంతు సందేశంగా నా ఫోనులోకి వచ్చింది.

"మేడం, మీ ఛార్జరు పదకొండు దాకా బాగానే పనిచేస్తా ఉండాది. పన్నెండు కొట్టంగానే దానికి ఏమవతాదో ఏమో, లాప్‌టాపు చచ్చిపోతా ఉండాది. సాయంత్రం మళ్ళా బాగయిపోతాది. ఇదేమన్నా ఆఫీసరా మేడం, మధ్యాన్నం భోజనానికి ఇంటికి పోయేదానికి?"

చూస్తామని జవాబిచ్చి ఊరుకున్నాను. రెండు రోజుల తర్వాత ఇంకో సందేశం. "ఇప్పుడు బాగుండాది మేడం. చల్లగా పెట్టినా. మీరు రావాల్సిన పని లా."

ఫిరోజ్‌కు వినిపించాను. అతను మూడుసార్లు విన్నాడు.

"చల్లగా పెట్టినానంటే ఏందక్కా?"

"నీడలో పెట్టిందేమో."

"నీడంటే నీడంటారు గదా. చల్లగా అంటారా?" అని బండి తాళం తీసుకున్నాడు.

షెడ్డు

రొయ్యల గుంటల మధ్య గట్టు మీద రేకుల షెడ్డు. హైమ నాన్న వెంకటరమణయ్య గారిది. గుంటల్లో గాలి కలిపే ఏరేటర్లు తిప్పడానికి అక్కడ కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లో పగలు పోతూ వస్తూ ఉంటుంది. అందుకని హైమ లాప్‌టాపు తెచ్చుకుని ఈ షెడ్డులోనే కూర్చుంటుంది. ఆమెకు ఒక కొరియరు కంపెనీలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం, ఇంటి నుంచే. చేరి రెండు నెలలే అయింది. ఆరు నెలలు చూసి ఉంచుకుంటారో పంపేస్తారో చెబుతారు. లాప్‌టాపు పాతది, అందులో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఛార్జరు కాస్త తగ్గితే చాలు, లాప్‌టాపే ఆగిపోతుంది.

మేం వెళ్ళేసరికి పన్నెండున్నర. షెడ్డు గుమ్మం దగ్గరే కళ్ళు తిరిగినంత పనైంది. హైమ చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, "మీ పార్సిలు దారిలో ఉంది సార్" అని మంచి పుస్తకాల తెలుగులో మాట్లాడుతోంది. ఛార్జరు గోడకు లేదు. ప్లగ్గు బోర్డు వైరు ఒకటి కిందికి దిగి, రొయ్యలు పంపడానికి వాడే తెల్లటి థర్మోకోలు పెట్టెలోకి పోతోంది. ఫిరోజ్ మూత ఎత్తాడు.

ఐసు ముక్కల మధ్య, పాలకవరులో చుట్టి రబ్బరుబ్యాండు వేసిన మా ఛార్జరు హాయిగా పడుకుని ఉంది.

ఫిరోజ్ పరుగెత్తి మెయిన్ స్విచ్చు ఆపేశాడు. షెడ్డులో ఫ్యానూ లాప్‌టాపూ ఆగాయి, బయట ఏరేటర్లు కూడా ఆగాయి. గుంట గట్టు మీంచి వెంకటరమణయ్య గారు, "ఎవురా అది! నా రొయ్యల్ని చంపతారా?" అని పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఇటు హైమ హెడ్‌ఫోను తీసి, "కాలు కట్టయిపోయింది! మూడోసారి! ఇంకోసారైతే తీసేస్తామన్నారు!" అని ఏడుపు. ఫిరోజ్ ఛార్జరు వైరును ప్లగ్గులోంచి పీకి, ఏరేటర్ల స్విచ్చు మళ్ళీ వేసేదాకా ఎవరు ఎవరిని తిడుతున్నారో తెలియలేదు.

"అమ్మాయీ, నీళ్ళల్లో కరెంటు పెడతారా? చేయి తగిలితే ఏమయ్యేది?" అని నేను కేకలేశాను.

"కవరు కట్టినా గదా మేడం. దానికి జొరమొచ్చినట్టు కాలిపోతా ఉంటే ఏం చేసేది? ఐసు పెడితే టక్కన లేసినాది."

వెంకటరమణయ్య గారు తల తుడుచుకుంటూ, "రొయ్యలకని ఐసు తెస్తా ఉండానమ్మా. మూడు రోజులుగా మీ ఛార్జరే తినేస్తా ఉండాది," అన్నారు.

కవరు విప్పి చూశాం. లోపలంతా చెమట పట్టి నీటి బొట్లు. దేవుడు ఆ పిల్లను కాపాడాడు, మా తెలివి కాదు. ఆ ముక్కను సంచిలో వేసుకుని, మేం తెచ్చిన ఇంకో ముక్కను గోడకు పెట్టి చూశాం. ఇరవై నిమిషాలకు అది తనను తాను కాపాడుకోవడానికి శక్తిని సగానికి తగ్గించేసింది. లాప్‌టాపు ఆగిపోయింది.

అప్పుడు నేనొక మాట అన్నాను. ఈ వృత్తిలో అందరూ మొదట అనే మాటే. "ఛార్జరులో లోపం లేదమ్మా. మీ షెడ్డే వేడిగా ఉంది."

హైమ నా వైపు తిరిగింది. "మేడం, మీది నెల్లూరేనంట గదా. ఎండ సంగతి మీకు ఎవురూ చెప్పలేదా?"

ఆ సిగ్గుకో ఆ ఎండకో నాకు ఆవిరి మొదలైంది. మెడ మండుతోంది. చెమట ధారగా కారుతోంది. రోజూ చేసే అలవాటు చొప్పున, నాకు తెలియకుండానే, ముఖం పైకెత్తి కళ్ళు మూసుకున్నాను. గాలి తగులుతుందని. తగల్లేదు. కళ్ళు తెరిస్తే రేకులు. నా బల్ల గుర్తొచ్చింది, నా గాలి గుర్తొచ్చింది, ఆ బల్ల మీద ఎనిమిది గంటలు నడిచిన ముక్క గుర్తొచ్చింది.

"ఏందక్కా, బాగలేదా?" అన్నాడు ఫిరోజ్.

"ఎండరా," అన్నాను. అబద్ధమే.

పదకొండు మంది మగాళ్ళు

మర్నాడు ప్లైవుడ్ పెట్టె ఖాళీ చేయించి మళ్ళీ కొలిచాను. పదకొండు డిగ్రీలు ఎక్కువ. హద్దు దాటి ఎక్కడికో పోయింది.

ఆరోజే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సాయంత్రం మీటింగులో రామ్మోహన్ గారు ఫిరోజ్ మీద విరుచుకుపడ్డారు. "టెస్టులో పాసయింది షెడ్డులో ఫెయిలయిందంటే నువ్వు తర్వాత ఏదో మార్చినావు. ఆ ట్రాన్స్‌ఫార్మరు దరిద్రం!" ఫిరోజ్ తల దించుకున్నాడు. నేను నా పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను. నా ఉద్యోగంలో నేను మరిచిపోలేని రోజు అదొక్కటే, అందులో నేను చేసింది ఏమీ లేదు.

తర్వాతి రోజు మధ్యాహ్నం అతని బల్ల దగ్గరికి వెళ్ళాను. అన్నం డబ్బా విప్పలేదు. చేత్తో కాయిలు చుడుతున్నాడు. "నిన్నట్నించి నాలుగు చుట్టినా అక్కా. తప్పు ఏడుందో దొరకడం లా," అన్నాడు. ఇంక నిలబడలేకపోయాను. అక్కడే అతనికి చెప్పాను. అతను చేతిలో కాయిలును బల్ల మీద పెట్టి, "నాలుగు కాయిలక్కా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం మీటింగు. పదకొండు మంది మగాళ్ళు. నేను లేచి నిలబడ్డాను.

"సార్, తప్పు ట్రాన్స్‌ఫార్మరుది కాదు. నా టెస్టుది. ముక్క మీద ఏసీ గాలి తగిలింది."

"ఏసీ గాలి నీ బల్ల మీదికి ఎట్టొచ్చినాది?"

"నేనే తిప్పించుకున్నాను సార్. నాకు ఆవిర్లు వస్తాయి."

రామ్మోహన్ గారు కుర్చీలోంచి లేచారు. "ఆవిరా? ఎక్కడ లీకు? మెయింటెనెన్సువాళ్ళకు చెప్పినారా?"

"లీకు కాదు సార్. నాకు. వయసు వల్ల."

గదిలో ఏసీ చప్పుడు వినిపించింది. పదకొండు మందీ పదకొండు వైపులు చూశారు. ఒకాయన తన చేతి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

రామ్మోహన్ గారు మెల్లగా కూర్చున్నారు. గొంతు తగ్గించి, "మా ఇంట్లో కూడా అంతేలేమ్మా. ఫ్రిజ్జు తలుపు తీసి అందులో తల పెట్టుకుని నిలబడతాది. నేను ఫ్రిజ్జు చెడిపోతాదని అరస్తా ఉంటా," అన్నారు. ఆగి, "ఇంక అరవను," అన్నారు. తర్వాత ఫిరోజ్ వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు. "ట్రాన్స్‌ఫార్మరు గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటా ఉండా. రాసుకోండి."

దాన్ని నిజంగానే మీటింగు కాగితంలో రాశారు.

ఆ తర్వాత యాభై మందికీ నేనే ఫోన్లు చేసి ముక్కలు వెనక్కి తెప్పించాను. అది నాకు నేను వేసుకున్న శిక్ష. అందరూ ఇచ్చేశారు. మా పాస్టరు గారు మాత్రం, అది బాగానే ఉందనీ, దాని మీద గ్లాసు పెడితే టీ చల్లారడం లేదనీ చెప్పి ఇవ్వడానికి వెనకాడారు. ఇంటికి వెళ్ళి తెచ్చుకున్నాను.

ఫిరోజ్ రెండు పనులు చేశాడు. వేడి పుట్టడాన్ని తగ్గించాడు. స్విచ్చు పడే సమయాలు సరిదిద్ది, ట్రాన్స్‌ఫార్మరులో వైరు మార్చి, పనితనాన్ని రెండు శాతం పెంచాడు. పుట్టిన వేడికి దారి ఇచ్చాడు. లోపల పల్చటి రాగి రేకు చుట్టి, ఖాళీల్లో వేడిని మోసే బూడిదరంగు ముద్ద నింపాడు. డబ్బా కొంచెం పెరిగింది. రామ్మోహన్ గారు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, ఆత్మీయులెవరో లావెక్కినట్టు బాధపడ్డారు. కానీ సంతకం పెట్టారు.

మూడు గంటలు

పెట్టెలో పాసైంది. వేడి గదిలో పాసైంది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. హైమకు ఇంకో కంపెనీ ఛార్జరు అరువు తెచ్చి ఇచ్చి ఉంచాం, ఆమె ఉద్యోగం ఇంకా పోలేదు. మే నెలలో ఒకరోజు కొత్త ముక్క పట్టుకుని ఫిరోజూ నేనూ మళ్ళీ షెడ్డుకు వెళ్ళాం. పన్నెండు నుంచి మూడు దాకా ఆమె పని మీదే ఉంటుంది. మేం నోరు మెదపకూడదు.

మొదటి అరగంట నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలకోసారి ఫిరోజ్ వేడి చూసి కాగితం మీద రాసి నాకు చూపించేవాడు. వెంకటరమణయ్య గారు గుమ్మంలో కూర్చుని, ఎలా ఉందని చేత్తో సైగ చేసేవారు. నేను బాగుందని చేయి ఊపేదాన్ని. ఆయన దాన్ని మజ్జిగ కావాలని అర్థం చేసుకుని గ్లాసు తెచ్చేవారు. మూడు గంటల్లో తొమ్మిది గ్లాసుల మజ్జిగ తాగాను. వద్దంటే మాట్లాడాలి. మాట్లాడకూడదు.

ఒకటిన్నరకు గోడ దగ్గర గాలి నలభై నాలుగు డిగ్రీలు. ఛార్జరు తగ్గలేదు. రెండింటికి ఎవరో ఫోనులో హైమను చాలాసేపు తిట్టారు. ఆమె "అర్థమైంది సార్, అసౌకర్యానికి చింతిస్తున్నాము సార్" అంటూనే ఉంది. లాప్‌టాపు ఆగలేదు. ఆగి ఉంటే ఆ తిట్లు తప్పేవి కదా అని ఒక్క క్షణం అనిపించింది. రెండున్నర దాటింది. ఫిరోజ్ రాసిన అంకె హద్దుకు కింద, చాలా కింద, కదలకుండా నిలబడింది. అతను పెన్ను పెట్టేసి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. వీపు అదురుతోంది. నవ్వుతున్నాడో ఏమో నేను చూడలేదు.

మూడింటికి హైమ హెడ్‌ఫోను తీసింది. చెవుల చుట్టూ ఎర్రగా గీతలు పడ్డాయి. కుర్తా వీపంతా తడిసి అంటుకుంది. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

"ఒక్క కాలు కూడా కట్ కాలా మేడం."

"సంతోషం తల్లీ."

"ఛార్జరు బాగయిపోయినాది." కళ్ళు తెరవకుండానే అంది, "నేనే కాలిపోతా ఉండా."

నాలుగేళ్ళ పిల్లలా, ఫిర్యాదు కూడా కాదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. ఫిరోజ్ నా వైపు చూశాడు. నేను చేతిలో కాగితం వైపు చూశాను. మూడు గంటల్లో పద్దెనిమిది సార్లు కొలిచాం. డబ్బా పైన, డబ్బా కింద, వైరు మూతి దగ్గర. దానికి రెండు గజాల దూరంలో అదే గాలిలో కూర్చున్న మనిషిని ఎవరం కొలవలేదు.

నేను వెంకటరమణయ్య గారిని అడిగాను. "అన్నా, కొబ్బరి మట్టల తడికలు ఉన్నాయా?"

"వలలు ఆరేసే పందిరి మీదివి ఉండాయమ్మా. దేనికి?"

ఫిరోజ్ అప్పటికే చొక్కా చేతులు మడిచాడు. నిచ్చెన వేసి ఎక్కాడు. రేకుల మీద నేరుగా పరవకుండా, మధ్యలో గాలి ఆడేటట్టు ముందు కర్రలు పరిచి, వాటి మీద తడికలు కట్టాడు. వెంకటరమణయ్య గారు కింద నుంచి అందించారు. నేను నిచ్చెన పట్టుకుని, తాళ్ళు ఇలా కట్టు అలా కట్టు అని అరిచాను. మూడు గంటలు మూసుకున్న నోరు కదా. హైమ కుర్చీ బయట వేసుకుని, మజ్జిగ తాగుతూ, "అన్నా, ఆ మూల వదిలేసినావు!" అని చూపించింది.

మర్నాడు నేనొక్కదాన్నే బస్సెక్కి పోయి, మధ్యాహ్నం ఒకటిన్నరకు హైమ కుర్చీ దగ్గర, మనిషి తల ఎత్తున వేడి చూశాను. గోడ దగ్గర కూడా చూస్తే, ముందురోజు అదే వేళకు ఉన్న నలభై నాలుగు కంటే నాలుగు డిగ్రీలు తగ్గింది. ఎండ కూడా ముందురోజంతే ఉంది, దాన్ని కూడా చూసే రాశాను.

ఛార్జరు రిపోర్టులో డబ్బా పైన ఎంత, డబ్బా కింద ఎంత, మూతి దగ్గర ఎంత అని వరసగా రాసి, చివరి వరసలో "హైమ కుర్చీ దగ్గర" అని రాసి ఆ అంకె వేశాను. రామ్మోహన్ గారు కాగితం అంతా చదివి, ఆ వరస పక్కన పెన్సిలుతో పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు. నా ముఖం చూశారు. నేను తల తిప్పుకోలేదు. ఆయన రబ్బరు తీసుకుని ఆ ప్రశ్నార్థకాన్ని తుడిచేసి, కింద సంతకం పెట్టారు.